సున్నాల కంచె

మార్చి 12, 1984. సోమవారం

మా ఆఫీసు పెద్ద ఒరెస్ట్ గారు ఈ రోజు ఆఫీసులో పోటీ పెట్టారు. అందరితో పాటు నేనూ నవ్వేశాను. కాసేపటికి చూసుకుంటే మనసులో అప్పటికే ప్రయత్నం మొదలుపెట్టేశాను.

పోటీ మా మిడతల పటం గురించే. అడ్డంగా ఇరవై నాలుగు గళ్లు, నిలువుగా పద్నాలుగు. ఒక్కో గడి ఆరు మైళ్లు. ప్రతి గడిలో ఒక అంకె ఉంటుంది. అది పోయిన ఏడాది ఆకులు రాలే కాలంలో మావాళ్లు నేల తవ్వి చూసిన మిడత గుడ్ల లెక్క. ఒక గడికి ప్రమాదం ఉందో లేదో దాని అంకె ఒక్కదాన్నే చూసి చెప్పలేం, మిడతకి రెక్కలున్నాయి కనుక. చుట్టూ ఉన్న ఎనిమిది గళ్ల అంకెల్నీ కలపాలి. మొత్తం నలభై అయిదు దాటితే అది ఎర్ర గడి. జూన్‌లో అక్కడికి విమానం వెళ్లి మందు చల్లుతుంది.

ఈ కూడిక టొరంటోలో ఉన్న పెద్ద మెషిన్ చేస్తుంది. మేం ఇక్కడ విన్నిపెగ్‌లో టెర్మినల్ ముందు కూర్చుని ఫోన్ తీగ మీద దానికి గుర్తుల భాషలో చెబుతాం. ఒరెస్ట్ గారు రాసిన లైన్‌లో అరవై మూడు గుర్తులు. ఆయన ఒక చిన్న గళ్ల కాగితం ఇచ్చి, దాని మీద అవే జవాబులు రావాలి, లైన్ మాత్రం వీలైనంత పొట్టిగా ఉండాలి అన్నారు. గెలిచినవాళ్లకి వాళ్లావిడ స్లావా చేసే గసగసాల రొట్టె.

మా ఆఫీసు కుర్రాడు మర్డో ఊరుకుంటాడా. "జస్టీనా గారు పోటీకి వస్తే ఎలాగండీ? మీ చర్చి సంఘంలో పందెం పాపం కదా!" అన్నాడు. గెలిస్తే రొట్టె నీకే ఇచ్చేస్తాను నాయనా, నాకు పాపం అంటదు అన్నాను. "ఇదిగో, ఇప్పుడే సగం గెలిచేసినట్టు మాట్లాడుతున్నారు" అని అందరికీ వినపడేలా అన్నాడు. వాడు యూనివర్సిటీలో గణితం చదివాడు. నాది హైస్కూలు చదువు. పదకొండేళ్ల క్రితం టైపిస్టుగా చేరి, ఒరెస్ట్ గారి కాగితాలు టైపు చేస్తూ చేస్తూ ఈ గుర్తులు నేర్చుకున్నాను.

మార్చి 14. బుధవారం

దొరికింది.

సాయంత్రం ప్రార్థన కూటంలో పెద్దలు మోకరించి ఉన్నారు. నేనూ మోకరించే ఉన్నాను. కాని నా వేళ్లు బెంచీ అంచు మీద గుర్తులు లెక్కపెడుతున్నాయి. ప్రభువా, క్షమించు.

ఒరెస్ట్ గారు ముందుగా పటం చుట్టూ సున్నాల వరస ఒకటి కడతారు, పొలం చుట్టూ కంచె వేసినట్టు. కూడిక అయ్యాక ఆ కంచె పీకేస్తారు. కట్టడానికీ పీకడానికే సగం లైన్ పోతోంది. ఆ కంచె ఎందుకు?

గుండ్రం మీద గీత గీసినట్టుండే గుర్తు ఒకటుంది. గీత నిలువుగా ఉంటే పటం మొత్తాన్ని ఒక గడి పక్కకి, అడ్డంగా ఉంటే పైకో కిందికో జరుపుతుంది. చివర పడిపోయే అంకె పోదు, దండలో పూసలా తిరిగి మొదటికి వచ్చి కూర్చుంటుంది. ఒకటీ వృథా కాదు. పటాన్ని ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి జరిపి, మూడూ కలపాలి. వచ్చినదాన్ని పైకి ఒకసారి, కిందికి ఒకసారి జరిపి మళ్లీ కలపాలి. అంతే, చుట్టూ ఉన్న ఎనిమిదీ వచ్చేస్తాయి. పటాన్ని X అంటే ఇదీ లైన్:

R+(1⊖R)+¯1⊖R←X+(1⌽X)+¯1⌽X

ఇరవై అయిదు గుర్తులు.

మార్చి 16. శుక్రవారం

గెలిచాను. మర్డోకి ముప్ఫై నాలుగు వచ్చాయి. ఒరెస్ట్ గారు నా లైన్‌ని స్వయంగా టెర్మినల్ మీద కొట్టారు. గుండ్రటి టైపు బంతి టకటకమని తిరిగింది. ఆయన జవాబులూ నా జవాబులూ ఒక్కొక్క అంకే పోల్చి చూశారు. ఒక్క తేడా లేదు. కాగితాన్ని చింపి గోడకి గుచ్చి, "జస్టీనమ్మా, ఇరవై ఏళ్ల నుంచి ఈ పని చేస్తున్నాను. సిగ్గేస్తోంది నాకు" అన్నారు, నవ్వుతూనే.

మర్డో ఆ కాగితాన్ని కాసేపు చూశాడు. ఏదో అనబోయి, "బాగుంది. చాలా బాగుంది" అని వెళ్లిపోయాడు. ఓడిపోయినందుకు మనసు చివుక్కుమన్నట్టుంది పాపం. మాట ప్రకారం రొట్టె వాడికే ఇచ్చేశాను. సగం కోసి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.

ఇంటికి వచ్చి అగతా అక్కకి చెప్పాను. తను పిండి కలుపుతోంది. "ఎందుకే ఆ మొహం అంత వెలిగిపోతోంది? పెళ్లి కుదిరిందా?" అంది. నాకు యాభై, తనకి అరవై ఒకటి. ఇద్దరం ఒకే కప్పు కింద పుట్టాం, అలాగే మిగిలిపోయాం. సంగతి విని, "మంచిదే. గర్వపడకు. పడినా ఎవరికీ కనపడనీయకు" అంది.

నేను పడ్డాను. ఇక్కడ రాసుకుంటున్నాను, ఎవరూ చదవరు కదా.

మార్చి 19. సోమవారం

ఒరెస్ట్ గారు తన పాత లైన్ తీసేసి అసలు పనిలో నా లైన్ పెట్టారు.

మే 28. సోమవారం

పటం ప్రింటయింది. ముప్ఫై నాలుగు ఎర్ర గళ్లు. మందు మాత్రం ముప్ఫై గళ్లకే ఉంది. విమానాలు పడమటి నుంచి తూర్పుకి పోతాయి కనుక తూర్పు కొసన ఉన్న నాలుగింటినీ ఒరెస్ట్ గారు పెన్సిలుతో కొట్టేశారు. "వాళ్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆయనకి ఇష్టం లేదు. పెన్సిల్ మొన విరిగింది.

పడమటి సరిహద్దు మీద రెండు ఎర్ర గళ్లున్నాయి. పైన అడవి అంచున కూడా రెండు. అక్కడ మిడతలేంటి, తవ్వినవాళ్లు పెద్దగా లేవన్నారే అని ఆయన కాసేపు బుర్ర గోక్కున్నారు. మర్డో సెలవులో ఉన్నాడు. "మెషిన్ చుట్టుపక్కల చూసి చెబుతోంది కదా, మనకి కనపడనిది దానికి కనపడింది" అని ఆయనే సమాధానం చెప్పుకున్నారు. నేను తలాడించాను.

ముప్ఫై గళ్ల రైతులకి ఉత్తరాలు టైపు చేశాను. కిటికీలు మూసుకోండి, నీటి తొట్లు కప్పుకోండి, పశువుల్ని లోపల కట్టుకోండి.

జూన్ 15. శుక్రవారం

ఫోన్ నేనే తీశాను. అవతల ఫ్రెంచి యాస, పెద్దాయన గొంతు. పేరు మార్సియన్ ఫ్లెరీ అన్నాడు. పడమటి సరిహద్దు దగ్గర తేనెటీగలు పెంచుతాడట. అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు.

"అమ్మా, మీ విమానం మంగళవారం మా మీదుగా పోయింది. మాకిక్కడ మిడతల్లేవు. ఈగలుండేవి" అన్నాడు.

మీకు ఉత్తరం రాలేదా అని అడిగాను. "ఉత్తరం పొలం ఉన్నవాడికి వస్తుంది. నాది పొలమా? ఈగల పెట్టెలు పెట్టుకోవడానికి పక్కవాడి పొలంలో ఒక మూల అద్దెకి తీసుకున్నాను" అన్నాడు. నూట తొంభై పెట్టెలట. ముప్ఫై ఎనిమిది మిగిలాయట. మిగతావాటి ముందు ఈగలు కుప్పగా పడున్నాయి, రేకు పెట్టి ఊడుస్తున్నాం అన్నాడు. "నా భార్య ఊడుస్తోంది. నేను చూడలేక ఫోన్ దగ్గరికొచ్చాను."

తర్వాత అడిగాడు: "ఇక్కడ మిడతలున్నాయని మీకెవరు చెప్పారు?"

మెషిన్ చెప్పిందండీ అన్నాను.

"ఓహో" అన్నాడు.

జూన్ 17. ఆదివారం

పాస్టరు గారు పొరుగువాడి గురించి చెప్పారు. అక్క పక్కన పాట ఎత్తుకుంది. నేను పుస్తకం మూసేశాను.

జూన్ 18. సోమవారం

జరిగింది వరసగా రాస్తాను. రాయకపోతే నేనే నమ్మను.

ఉదయం ఫ్లెరీ గారు మళ్లీ ఫోన్ చేశారు. నష్టపోయానని రాసి ఇచ్చే కాగితం ఏదైనా ఉందా అని అడగడానికి. మాటల్లో చెప్పారు, మిగిలిన ముప్ఫై ఎనిమిది పెట్టెల్నీ నిన్న బండి మీద ఎక్కించి మరదలి ఊరికి తీసుకెళ్లారట. అడవి అంచు, చుట్టుపక్కల పంట లేదు, మీ విమానం అక్కడికి రాదు అన్నారు. ఇక్కడివాళ్లు ఊరి పేరు చెప్పరు, సర్వే నంబర్లు చెబుతారు. పద్నాలుగో టౌన్‌షిప్ అన్నారు, అంటే కింది నుంచి ఎన్నో వరసో; రేంజి చెప్పారు, అంటే పక్కకి ఎన్నో గడో. నేను అలవాటుగా కాగితం మీద రాసుకున్నాను.

మా పటంలో అడుగు వరస ఒకటో టౌన్‌షిప్, అమెరికా సరిహద్దు. పద్నాలుగోది పైవరస. పైవరసలో తొమ్మిదో గడి.

ఎర్ర గడి అది. బుధవారం పొద్దున్నే విమానం.

ఆయనకి ఏమీ చెప్పకుండా ఫోన్ పెట్టేశాను. ఎందుకు చెప్పలేదో తెలియదు. పంటే లేని చోట అన్ని మిడతలు ఎలా ఉంటాయి? తవ్వినవాళ్ల కాగితం తీసి, పెన్సిల్ తీసుకుని నేనే కూడిక వేశాను, చిన్నప్పుడు బడిలో వేసినట్టు. ఆ గడిలో ఒకటి. అటూ ఇటూ రెండు, ఒకటి. కింద రెండు, మూడు, రెండు. పైన గళ్లు లేవు, పటం అక్కడితో అయిపోతుంది. మొత్తం పదకొండు.

మెషిన్ కాగితం మీద యాభై ఎనిమిది.

మళ్లీ కూడిక వేశాను. పదకొండే.

నలభై ఏడు ఎక్కడి నుంచి వచ్చాయి? పటం మీద వేలు పెట్టి వెతికాను. వేలు కిందికి, ఇంకా కిందికి, పటం అడుగుకి వెళ్లింది. అక్కడ అమెరికా సరిహద్దు మీద ఎనిమిది, తొమ్మిది, పది గళ్లలో పదహారు, పదిహేను, పదహారు. నలభై ఏడు.

పైన పటం అయిపోతే మెషిన్ ఆగలేదు. చుట్టి కిందికి వెళ్లింది. పూస తిరిగి మొదటికి వచ్చి కూర్చుంది. నేనే చెప్పాను దానికి అలా చెయ్యమని. పక్కనున్న పదో గడి, అడవి అంచున రెండో ఎర్రది, దానిదీ అదే తంతు.

తర్వాత ఫ్లెరీ గారి గడి. చెయ్యకూడదనుకున్నాను, చేశాను. ఆయన గడిలో రెండు, చుట్టూ ఉన్నవన్నీ కలిపితే పంతొమ్మిది. పడమట గళ్లు లేవు. మెషిన్ కాగితం మీద అరవై ఒకటి. తేడా నలభై రెండు. ఈసారి వెతకనక్కర్లేకపోయింది. అదే వరస, దాని పైదీ కిందిదీ, మూడింటి తూర్పు కొసన: పదమూడు, పదిహేను, పద్నాలుగు.

నూట నలభై మైళ్ల అవతల ఉన్న మిడతల్ని తెచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టాను.

ఒరెస్ట్ గారిచ్చిన చిన్న కాగితంలో అంచుల నిండా సున్నాలే. అందంగా ఉంటుందని అలా గీశారట. అందుకే జవాబులన్నీ సరిపోయాయి. ఆ కాగితమే కంచెలా నిలబడింది. నేను కంచె అక్కర్లేదనుకున్నాను.

ఒరెస్ట్ గారి గదికి వెళ్లి పెన్సిల్ లెక్క ముందు పెట్టాను. మొదట నవ్వారు. తర్వాత కూర్చున్నారు. తర్వాత ఆ కాగితం తలకిందులు చేసి మళ్లీ చూశారు, తలకిందులుగా చూస్తే ఇంకో జవాబు వస్తుందన్నట్టు. మర్డోని పిలిచారు.

మర్డో కాగితం చూడను కూడా లేదు. "అయితే మీరు కంచె మళ్లీ వెయ్యలేదా?" అన్నాడు.

నీకు తెలుసా అన్నాను.

"ఆ గుర్తు తెలిసినవాళ్లకెవరికైనా తెలుస్తుందండీ. పోటీ రోజే చూశాను. ఆట కదా అనుకున్నాను. అసలు పనిలో పెట్టేటప్పుడు ఒరెస్ట్ గారు కంచె వేసుకుంటారు కదా అనుకున్నాను. గెలిచిన ఆనందంలో ఉన్నారు, ఎందుకు చెడగొట్టడం అని..." అని ఆగిపోయాడు. మార్చిలో వాడు ఏదో అనబోయి మానేసింది ఇదే. నేను ఓడిపోయిన బాధ అనుకున్నాను. జాలిపడి రొట్టె ఇచ్చాను.

ఒరెస్ట్ గారు గది తలుపు వేశారు. "ఎవరూ కంగారు పడకండి. పటమంతా మళ్లీ లెక్క కట్టి, ప్రతి గడీ చూసి, గురువారం నాటికి కొత్త జాబితా ఇద్దాం" అన్నారు. విమానం బుధవారం కదండీ అన్నాను. "జస్టీనమ్మా, రెండు గళ్లు తప్పని ఇవాళ ఫోన్ చేస్తే మిగతా ఇరవై ఎనిమిదీ నమ్ముతారా? మొత్తం పని ఆపేస్తారు. నిజంగా మిడతలున్న వాళ్ల గతేంటి?" అన్నారు. అది కూడా నిజమే. ఆయన చెడ్డవాడు కాదు. కళ్లలో నీళ్లున్నాయి. జాబితా మీద సంతకం ఆయనది.

అక్కడ ముప్ఫై ఎనిమిది పెట్టెలున్నాయండీ అన్నాను. ఆయనకి వినపడలేదు. నేను మాట్లాడితే చాలామందికి వినపడదు.

నా బల్ల దగ్గరికి వచ్చాను. టైము నాలుగున్నర. విమానాల షెడ్డుకి ఫోన్ చేశాను. అక్కడ ఎవరో ఇంజను నడుపుతున్నారు. చెప్పాను. "ఏంటీ?" అన్నాడు అవతలి మనిషి. మళ్లీ చెప్పాను. "గట్టిగా చెప్పండమ్మా, ఇక్కడ గోలగా ఉంది! ఏ గడి? మందు ఎక్కువ కావాలా?"

లేచి నిలబడ్డాను. పద్నాలుగో వరస, తొమ్మిదో గడి, పదో గడి, రెండింటికీ వెళ్లొద్దు, అక్కడ మిడతల్లేవు, ఆ లెక్క తప్పు, తప్పు నాది అని అరిచాను. అంత గొంతు నాలో ఉందని యాభై ఏళ్లుగా నాకు తెలియదు. హాలంతా టైపు మెషిన్లు ఆగిపోయాయి. ఒరెస్ట్ గారు తలుపు తీసుకుని బయటికి వచ్చారు.

షెడ్డు మనిషి ఇంజను ఆపించాడు. "నేను కాగితం చూసి విమానం పంపిస్తాను. ఫోన్ మీద ఆపమంటే ఎలాగమ్మా? మీరెవరు?" అన్నాడు. నేను టైపిస్టునండీ అన్నాను.

ఒరెస్ట్ గారు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. నా మీద కోపం వచ్చిందనుకున్నాను. "నేను ఒరెస్ట్ హ్రిట్సాక్‌ని. ఆవిడ చెప్పింది వినపడిందా? అదే. కాగితం నా సంతకంతో గంటలో వస్తుంది" అన్నారు. ఫోన్ పెట్టేసి నా కుర్చీలో కూర్చుండిపోయారు. నేను నిలబడే ఉన్నాను.

మర్డో గోడ మీది కాగితం పీకేశాడు. దాన్ని ఏం చెయ్యాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

జూన్ 20. బుధవారం. ఉదయం ఏడు

విమానాలు ఎగరలేదు. షెడ్డు మనిషే ఫోన్ చేసి చెప్పాడు. నన్ను పేరు పెట్టి అడిగాడట.

జూన్ 21. గురువారం

కొత్త జాబితా వచ్చింది. తప్పు గళ్లు నాలుగే. పడమటి రెండూ అయిపోయాయి. పైన రెండూ ఆగాయి. మిగిలిన మందు తూర్పు కొసన కొట్టేసిన నాలుగింటిలో రెండింటికి సరిపోతుంది. మిగతా రెండింటికి లేదు. పడమటి చివర వృథా చేసింది సరిగ్గా తూర్పు చివరకి తక్కువైంది. ఆ మందు లేని రెండు గళ్లలో ఒకటి పదిహేను అంకె ఉన్న గడి. ఫ్లెరీ గారి పక్కకి నేను లాక్కొచ్చిందే. దాని మిడతల్ని ఇటు లెక్కపెట్టి, దాని మందు ఇటు పారబోశాం.



జూన్ 23. శనివారం

అక్క ట్రక్కు తోలింది. వెళ్దామని నేను అడగలేదు. పొద్దున లేచి చూస్తే తను బూట్లు వేసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి కాల్చే మా రెండంతస్తుల బన్నులు గుడ్డలో కట్టి, ఇంజను వేడి చేస్తోంది. "ఎక్కవే. దారంతా ఏడవకు, అద్దం మసకబారుతుంది" అంది.

నాలుగు గంటల ప్రయాణం. ఫ్లెరీ గారు పొట్టి మనిషి. చేతులు పెద్దవి. పెట్టెలు వరసగా ఉన్నాయి, తెల్లవి, నీలివి. మూతలు తీసేసి ఉన్నాయి. చప్పుడే లేదు. జూన్ నెలలో అంత క్లోవర్ గడ్డి పూసి, అన్ని పెట్టెలు పక్కపక్కనే ఉండి, చప్పుడు లేకపోవడం ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఈగల్ని పాతిపెట్టారట. కంచె పక్కన ఇంకా పచ్చిగా ఉన్న మట్టి చూపించారు. మనిషిని పాతిపెట్టేంత చోటుంది.

నేను చెప్పాలనుకున్నవన్నీ దారిలో తయారు చేసుకున్నాను. ఒక్కటీ రాలేదు. ఆ లైన్ నేను రాసిందండీ, మెషిన్ కాదు అన్నాను.

"ఏదీ, చూపించండి" అన్నారు.

చర్చిలో పంచిన కాగితం వెనక రాసి ఇచ్చాను. ఆయన దాన్ని ఎండకి పట్టి, వేలితో ఒక్కొక్క గుర్తూ లెక్కపెట్టారు. పెదాలు కదులుతున్నాయి. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు.

"ఇంతేనా?" అన్నారు.

అంతేనండీ అన్నాను.

వాళ్లావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మమ్మల్ని లోపలికి రమ్మనలేదు. రమ్మనకపోవడమే న్యాయం. అక్క బన్నుల మూట గడప మీద పెట్టింది. ఆవిడ దాన్ని తీసుకోలేదు, తోసెయ్యనూ లేదు.

గళ్లు ఎలా చుట్టుకున్నాయో ఫ్లెరీ గారికి వివరించాను. మట్టిలో పుల్లతో పటం గీసి, ఆ చివరని ఈ చివరకి చేర్చి చూపించాను. ఆయనకి నాకన్నా త్వరగా అర్థమైంది. పుల్ల నా చేతిలోంచి తీసుకుని తూర్పు కొసన పొడిచారు.

"ఇక్కడ ఎవరుంటారు?"

తెలియదండీ అన్నాను. గడి నంబరు చెప్పాను. అక్కడి అంకె చెప్పాను. మందు కూడా అక్కడికి అందలేదని చెప్పాను.

"నా పక్కన తెచ్చి కూర్చోబెట్టారు. పేరైనా తెలియదా?" అన్నారు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు.

పదకొండేళ్లుగా ఆ పటం టైపు చేస్తున్నాను. మూడు వందల ముప్ఫై ఆరు గళ్లు. ఎవరి పేరూ తెలియదు.

ఆయన చర్చి కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. తిరిగి ఇవ్వలేదు.

వచ్చేటప్పుడు అక్క, "ఆ రోజు గర్వపడకు అన్నాను కదూ. నేనూ పడ్డానే. మరునాడు దుకాణంలో నలుగురికీ చెప్పాను" అంది.

జూలై 8. ఆదివారం

సంఘం ముందు నిలబడి చెప్పాను. పాస్టరు గారు, ఇది లెక్కలో పొరపాటు సోదరీ, పాపం కాదు అన్నారు. ప్రార్థనలో మోకరించి గుర్తులు లెక్కపెట్టాను కదండీ అన్నాను. వెనక బెంచీలో ఒకావిడ, గట్టిగా చెప్పమ్మా, వినపడడం లేదు అంది. మొత్తం మళ్లీ చెప్పాను.

జూలై 11. బుధవారం

ఒరెస్ట్ గారు రాజీనామా ఉత్తరం రాసి నన్ను టైపు చెయ్యమన్నారు. టైపు చెయ్యనన్నాను. ఇంతవరకు ఆయన ఇచ్చిన ఏ కాగితాన్నీ కాదనలేదు. "అయితే నేనే కొట్టుకుంటాను" అని టెర్మినల్ ముందు కూర్చున్నారు. దాని టైపు బంతి మీద ఈ గుర్తులే తప్ప మామూలు చిన్న అక్షరాలు లేవు. అది చూసుకుని లేచి వెళ్లిపోయారు. ఉత్తరం ఇంకా నా సొరుగులో ఉంది.

మర్డో నాతో మాట్లాడడానికి రోజూ నా బల్ల దాకా వచ్చి వెనక్కి పోతున్నాడు. ఇవాళ నేనే పిలిచాను. కంచె వేసి లైన్ మళ్లీ రాద్దాం, నువ్వు పక్కన కూర్చుని ప్రతి గుర్తుకీ అడ్డం పడు, నాకు తెలియనిది నీకు తెలిస్తే నా ఆనందం సంగతి చూడకు అన్నాను. "సరేనండీ" అన్నాడు. జోకు వెయ్యలేదు.

యాభై ఒకటి వచ్చాయి. ఈసారి చిన్న కాగితం నేనే గీశాను. అంచుల నిండా తొమ్మిదులు పెట్టాను.

ఆగస్టు 9. గురువారం

పోస్టుకార్డు వచ్చింది. నాలుగుసార్లు చదివాను. అక్క ఎవరు రాశారే అని అడిగింది. కార్డు తన చేతికిచ్చాను. ఇక్కడ ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

"అమ్మా, తూర్పు గడికి వెళ్లి వచ్చాను. నూట నలభై ఆరు మైళ్లు. ఆయన పేరు డ్మిట్రో పాన్‌చుక్. మిడతలు నిజంగానే ఉన్నాయి, కంచె గుంజల బెరడు కూడా తినేశాయి. నేను మీ పొరుగువాణ్నని ఆయనతో చెప్పాను. మీరు రాసిచ్చిన కాగితం చూపించాను. నవ్వలేదు. కుర్చీ వేశాడు. మా. ఫ్లెరీ."